కార్చిచ్చు తర్వాత వాగు నీటి శాంపిల్ తీయడం ఎలా?

అడవి కాలాక పడే మొదటి గట్టి వానకే కొండవాలు మీది బూడిద, వదులైన మట్టి వాగులోకి దిగుతాయి. ఆ నీళ్ళు పట్టడానికి మా సంస్థ వాలంటీర్లు ఉత్సాహంగానే వెళ్తారు. తీరా వాళ్ళు తెచ్చిన సీసాల్లో కొన్నింటిని పనికిరావని మూత తీయకుండానే పక్కన పెట్టేస్తాం.

సామాన్లు పెద్దగా ఏమీ లేవు: ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) సీసాలు, గ్లవ్స్, ఐస్ బాక్స్, థర్మామీటర్, పీహెచ్ మీటర్, టర్బిడిటీ ట్యూబు (నీటి మురికితనం చూసే గొట్టం), మార్కర్. బూడిద నీళ్ళు క్షారం వైపు మొగ్గుతాయి కాబట్టి పీహెచ్ మీటరును 7తో పాటు 10 బఫర్‌తోనూ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) ఆ ఉదయమే క్యాలిబ్రేట్ చేయండి, అంటే సరిచూసుకోండి. లేబుల్ ఒడ్డునే రాసేయాలి, తడి సీసా మీద మార్కర్ పట్టదు.

కాలిన ప్రాంతానికి ఎగువన ఒక చోటు, దిగువన ఒక చోటు ఎంచుకోండి. ఎగువ శాంపిల్ లేకపోతే దేనితో పోలుస్తారు? ముందు దిగువది తీయండి, లేదంటే మీరు రేపిన బురదే మళ్ళీ మీ సీసాలోకి వస్తుంది. కాలిన నేల వాన నీటిని సరిగా పీల్చదు, వరద ఉన్నట్టుండి వస్తుంది. పైన మబ్బు కమ్మితే వాగులో దిగొద్దు. మాడిన చెట్ల కింద నిలబడొద్దు. ఒంటరిగా అసలే వెళ్ళొద్దు.

ఇక అందరూ పాడుచేసేది బ్యాక్టీరియా శాంపిల్. స్టెరైల్ సీసాను కడగకండి. లోపల కాస్త తెల్ల పొడి కనిపిస్తే అది మురికి కాదు, క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్. దాన్ని దులిపేసిన మహానుభావులు మా దగ్గర ఉన్నారు. నడుము దాకా కాకుండా మోకాలి లోతు వరకే దిగి, ప్రవాహానికి ఎదురుగా నిలబడి, బురద తేరుకునే దాకా ఆగండి. ఒక్క నిమిషమే కదా, ఆగలేరా?

మూత తీశాక దాని లోపలి వైపు వేలు తగలకూడదు. కింద పెట్టకూడదు, నోట కరుచుకోకూడదు. నేను మూతను ఎడమ చేతి చిటికెన వేలు మడతలో బోర్లా పట్టుకుంటాను, మీరూ అలాగే పట్టుకోండి. సీసాను తలకిందులుగా మోచేయి లోతుకు ముంచి, అక్కడ మూతిని ప్రవాహం వైపు తిప్పి, చేతికి దూరంగా ముందుకు తోస్తూ నింపండి. తలకిందులుగా ఎందుకంటే పైన తేలే బూడిద తెట్టె లోపలికి పోకుండా. అంచు వరకు నింపొద్దు, ల్యాబ్‌లో కుదపడానికి రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి. ఎక్కువైతే కొంచెం వంచేసి వెంటనే మూత పెట్టండి. మూత జారి నీళ్ళలో పడితే కడిగి పెట్టేయడం కాదు, ఇంకో సీసా తీయాలి.

బకెట్‌తో తోడి సీసాలో పోస్తే సులువు కదా అంటారు. నిన్న అదే బకెట్‌తో ఏం తోడారో ఎవరికి తెలుసు? నీటి వేగం ఎక్కువైతే కర్రకు సీసా బిగించి ఒడ్డు నుంచే తీయండి.

ఉష్ణోగ్రత, పీహెచ్ అక్కడే చూసి రాసుకోండి. ట్యూబులోకి నీడలో, కళ్ళజోడు నల్లదైతే తీసేసి చూడాలి.

సీసాలు వెంటనే ఐస్‌లోకి వెళ్ళాలి, గడ్డకట్టకూడదు. నా లెక్కలో 6 గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి. అది ఎన్నింటికి మూస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒకసారి చల్లటి సీసాలు పట్టుకుని తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాను.