పిల్లల్లో ప్రయాణాల మీద ఇష్టం పెంచడం ఎలా: చెన్నైలోని తెలుగు తల్లిదండ్రులకు

ఎన్ని ఊళ్లు తిప్పితే పిల్లలకు ప్రయాణాల మీద అంత ఇష్టం కలుగుతుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నా అనుభవం వేరు. ఏటా వేసవిలో కారులో ఊటీకో కొడైకెనాలుకో వెళ్లివచ్చిన పిల్లలు పెద్దయ్యాక సెలవు దొరికినా ఇల్లు కదలకపోవడం, పెద్దగా ఎక్కడికీ వెళ్లని తల్లుల పిల్లలు దేశమంతా చుట్టిరావడం నేను చూశాను. మా అమ్మ ఆ రెండో రకం తల్లి. తండయారుపేటలో కాపురం పెట్టిన నాటి నుంచి ఆమె నెల్లూరు, తిరుపతి తప్ప మరో దూరప్రయాణం చేసి ఎరగదు. అయినా మా అన్నదమ్ములకు కాలు నిలవని అలవాటు ఆమె వల్లనే అబ్బింది. బయలుదేరే ప్రతిసారీ ఏదో ఒక నిర్ణయాన్ని ఆమె మా చేతిలో పెట్టేది, తిరిగి వచ్చాక మేము చెప్పేదంతా తీరిగ్గా కూర్చుని వినేది. ఈ రెండు పనులనూ పిల్లల వయసును బట్టి, ఈ ఊళ్లో దొరికే వసతులను బట్టి ఎలా చేయవచ్చో వివరించడానికే ఈ వ్యాసం.

మొదలు ఊళ్లోనే పెట్టాలి. ఐదారేళ్ల బిడ్డకు దూరం ముఖ్యం కాదు, తాను స్వయంగా ఏదో చేశానన్న భావన ముఖ్యం. అందుకు లోకల్ రైలును మించిన బడి లేదు. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం వరకు 1931 నుంచి విద్యుత్ రైళ్లు నడుస్తున్నాయి, అదే బీచ్ నుంచి వేళచ్చేరి వైపు ఎత్తైన వంతెన మీద సాగే మార్గం 1995లో చేపాక్కం వరకు మొదలై తర్వాత పొడిగింపబడింది. చిన్నపిల్లలకు రెండో మార్గమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మేడల మీది నుంచి ఊరు కనిపిస్తుంది, చాలా దూరం పక్కనే బకింగ్‌హాం కాలువ సాగుతుంది. పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసే ఈ కాలువ మీదుగానే ఒకప్పుడు కోస్తా నుంచి ధాన్యమూ కట్టెలూ పడవల్లో మద్రాసు చేరేవని చెబితే, ఇప్పుడు మురుగుతో నిండిన ఆ నీటిని కూడా పిల్లలు మరోలా చూస్తారు.

ఆ ప్రయాణంలో బిడ్డకు ఒక్క పని మాత్రం అప్పగించండి. మా అమ్మ ఈ వయసులో మాకు ఇచ్చిన పని టికెట్టు కొనడం: కౌంటరు దగ్గర తాను మా వెనక నిలబడేది గాని నోరు తెరిచేది కాదు, "ఏ ఊరికో నువ్వే చెప్పు, చిల్లర లెక్క చూసుకుని తీసుకో" అనేది, వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటే వాళ్ల వైపు తిరిగి చిన్నగా నవ్వేది. ఇప్పుడు ఫోనులో టికెట్టు తీయడం సులువే గాని, వారానికో రెండు వారాలకో ఒకసారైనా కౌంటరు దగ్గరికే వెళ్లమని నా సలహా, ఎందుకంటే పరాయి మనిషితో మాట్లాడి పని చేసుకురావడమే ప్రయాణంలో మొదటి పాఠం, ఆ పాఠం తెర మీద నేర్చుకునేది కాదు. చార్జీల సంగతి కూడా బిడ్డకు చెప్పండి. ఐదేళ్లు నిండని వారికి రైల్లో టికెట్టు అక్కర లేదు, ఐదు నిండి పన్నెండు నిండని వారికి లోకల్‌లో సగం చార్జీ. రిజర్వేషన్ రైళ్లలో విడిగా బెర్తు అడిగితే మాత్రం ఆ వయసు వారికీ పూర్తి చార్జీ పడుతుంది.

ఎనిమిదేళ్లు దాటిన బిడ్డ కోసం నేను అందరికీ చెప్పే ప్రయాణం ఆంధ్ర సరిహద్దుకు అవతల ఉన్న సూళ్లూరుపేట. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చెన్నైలో పుట్టి పెరిగి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకునే పిల్లలకు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత అర్థవంతమైన ప్రయాణం మరొకటి ఉందని నేను అనుకోను. సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ ప్లాట్‌ఫారాల నుంచి గుమ్మిడిపూండి వైపు లోకల్ రైళ్లు తరచుగా ఉంటాయి, అయితే వాటిలో కొన్నే సూళ్లూరుపేట దాకా వెళ్తాయి. ఇక్కడే బిడ్డకు అప్పగించవలసిన పని ఉంది. ముందురోజు రాత్రి రైళ్ల వేళలు బిడ్డ ముందు పెట్టి, పొద్దున ఏ రైలు ఎక్కాలో, తిరుగురైలు ఏదో, అది తప్పితే తర్వాతది ఎప్పుడో తననే కాగితం మీద రాయమనండి. ఎంచుకున్న రైలు మీకు అనుకూలం కాకపోయినా, నష్టం లేనంతవరకు దానికే వెళ్లండి. పొద్దున ఐదింటికి లేవవలసి వస్తే ఆ లేవడం కూడా తన నిర్ణయ ఫలితమేనని బిడ్డకు అర్థమవుతుంది. తిండి ఏమి కట్టాలో కూడా తననే అడగండి. మా ఇంట్లో ఎప్పుడూ పులిహోరే గెలిచేది, సాయంత్రం దాకా చెడకుండా ఉండేది కూడా అదే.

దారిలో ఎన్నూరు దగ్గర ఉప్పునీటి వాగు, దూరంగా అత్తిపట్టు వైపు థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు, పొన్నేరి దాటాక పొలాలు వస్తాయి. బిడ్డను కిటికీ పక్కన కూర్చోబెట్టి స్టేషన్ల పేర్లు చదవమనండి. ఆరంబాక్కం దాకా బోర్డుల మీద తమిళం ఉంటుంది, తర్వాతి స్టేషను తడలో తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. తెలుగు చదవడం బద్ధకించే పిల్లలు సైతం ఆ ఒక్కరోజు కూడబలుక్కుని చదవడం నేను చూశాను. ఇంట్లో వారాల తరబడి పోరినా రాని ఉత్సాహం అది. రైలు ఎక్కడా ఆగి సరిహద్దు అని చెప్పదు గనుక, ఎక్కడ రాష్ట్రం మారిందో కనిపెట్టడం బిడ్డకు ఒక ఆటగా మారుతుంది.

సూళ్లూరుపేటలో దిగాక శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. అంతరిక్ష కేంద్రం లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరు గాని, చలికాలంలో ఆ రోడ్డు పక్కన నీళ్లలో రాజహంసలను (ఫ్లెమింగోలను) చూడడానికి ఆటోలో అంతదాకా వెళ్తే చాలు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున చూడాలనుకుంటే, 2019లో ప్రజల కోసం తెరిచిన వీక్షణ ప్రాంగణానికి ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ప్రయోగాలు వాయిదా పడడం మామూలే కాబట్టి ఆ సంగతి బిడ్డకు ముందే చెప్పి తీసుకువెళ్లండి. ఇంకాస్త ఓపిక ఉంటే నాయుడుపేట వైపు ఇరవై కిలోమీటర్ల దూరంలో నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది, అక్కడ నీళ్లలో మునిగిన కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు) గూళ్లు కడతాయి.

కాలం ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. మన బళ్లకు పెద్ద సెలవులు మే నెలలో వస్తాయి, పక్షులు మాత్రం నవంబరు నుంచి మార్చి వరకే ఉంటాయి. చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్ చెరువుకూ ఇదే వర్తిస్తుంది. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుందని గ్రహించిన అక్కడి రైతులు తరాలుగా వేటగాళ్లను రానివ్వలేదు, 1798లోనే అప్పటి కలెక్టరు నుంచి ఆ మేరకు హక్కు పత్రం కూడా సంపాదించారు. మే నెల ఎండలో అక్కడికి తీసుకువెళ్లి ఎండిన చెరువు చూపిస్తే బిడ్డకు విసుగే మిగులుతుంది. డిసెంబరు అర్ధసంవత్సర సెలవుల్లో వానల భయం కొంత ఉంటుంది, అందువల్ల సంక్రాంతి సెలవులే అన్నిటికన్నా అనుకూలం. జనవరి నుంచి మార్చి వరకు వారాంతపు రాత్రుల్లో నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ వరకు తాబేళ్ల గుడ్లను వెతుకుతూ విద్యార్థుల సముద్ర తాబేళ్ల సంరక్షణ బృందం నడక నిర్వహిస్తుంది. అర్ధరాత్రి దాటాక ఇసుకలో గంటల తరబడి నడవగలిగిన పిల్లలకు అది పండుగే, నిద్రకు ఆగలేని పిల్లలను మాత్రం తీసుకువెళ్లకండి.

దూరపు ఊరికి వెళ్లే ముందు ఆ ఊరి ముక్క ఒకటి చెన్నైలోనే చూపించగలిగితే ఆసక్తి రెట్టింపవుతుంది. ఎగ్మూరులో 1851లో ఏర్పడిన ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూపపు శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గది ఉంది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన శిల్పాల్లో చాలాభాగం తర్వాత లండను చేరింది, కొంత ఇక్కడ మిగిలింది. సెలవులకు గుంటూరో విజయవాడో వెళ్లే కుటుంబాలు ముందు ఈ గదిని చూసి వెళ్తే, అమరావతిలో మిగిలిన దిబ్బ ముందు నిలబడ్డప్పుడు "ఇక్కడి రాళ్లన్నీ ఏమయ్యాయి" అన్న ప్రశ్నకు జవాబు బిడ్డే చెబుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

ఇక తిరిగి వచ్చాక చేయవలసిన పని. అమ్మ మమ్మల్ని "బాగుందా?" అని ఎప్పుడూ అడిగేది కాదు. ఆ ప్రశ్నకు పిల్లలు ఔననో కాదనో చెప్పి ఊరుకుంటారు. "టీ ఎంతకు అమ్మారు, పక్కన కూర్చున్నావిడ ఏ ఊరట, ఎక్కడ ఆలస్యమైంది" అని అడిగేది, ఆ జవాబుల కోసం మేము దారిలో కళ్లు తెరుచుకుని ఉండేవాళ్లం. పెద్దయ్యాక నాకు తెలిసింది ఏమిటంటే, మా పేట వాడే అయిన ఏనుగుల వీరాస్వామయ్య సరిగ్గా ఇలాంటి వివరాలనే రాసిపెట్టాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలోని మాటను మరో భాషలో చెప్పేవాడిగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, గయ, కలకత్తా, పూరీల మీదుగా తీరం వెంట దిగుతూ 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, నీళ్లు మంచివా కావా, బాట ఎలా ఉంది అన్నవన్నీ మిత్రుడికి రాసి పంపాడు. పిల్లల చేత రాయించేటప్పుడు ఈ పద్ధతినే అనుసరించండి. ప్రకృతి వర్ణనలు అడగవద్దు, అవి బడి వ్యాసంలా తయారవుతాయి. ఒక చిన్న నోటుపుస్తకంలో ఎక్కిన వేళ, దిగిన వేళ, పెట్టిన ఖర్చు, తిన్నది, కొత్తగా విన్న మాట రాస్తే చాలు. తప్పులు దిద్దవద్దు. రాసినది ఇంటికి వచ్చిన తాతయ్యకో అత్తయ్యకో చదివి వినిపించే అవకాశం మాత్రం తప్పక కల్పించండి, ఎందుకంటే వినేవారు ఉన్నారని తెలిస్తేనే పిల్లలు చూడడం నేర్చుకుంటారు.

ప్రోత్సాహానికి అడ్డుపడేవి ఎక్కువగా ఇంట్లోవాళ్ల భయాలే. ఎండ, నీళ్లు, జనం అని పెద్దవాళ్లు అంటారు. వాటిలో నీళ్ల సంగతి నిజమే, ఇంటి నుంచి కాచిన నీళ్లు తీసుకువెళ్లండి. మహాబలిపురం వెళ్లే బస్సులో కడుపులో తిప్పే పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి దూరంగా రోడ్డును చూడమనాలి, ఫోను ఇవ్వకూడదు. బిడ్డే రానంటే బలవంతం చేయకుండా మరో నెల ఆగండి. ఆడపిల్లల విషయంలో మాత్రం నేను కాస్త కఠినంగానే చెబుతాను: అన్నకు ఏ వయసులో టికెట్టు కౌంటరు అప్పగించారో చెల్లికీ ఆ వయసులోనే అప్పగించాలి. "ఆడపిల్ల ఒక్కతే ఎలా వెళ్తుంది" అని బంధువులు పద్దెనిమిదో ఏట అడిగే ప్రశ్నకు జవాబు ఎనిమిదో ఏట నుంచే తయారు కావాలి, అప్పటికప్పుడు ధైర్యం చెబితే చాలదు.

పద్నాలుగు పదిహేనేళ్ల వయసుకు వచ్చేసరికి ఒక కుటుంబ ప్రయాణం ఏర్పాట్లన్నీ బిడ్డకు వదలవచ్చు. అమ్మమ్మగారి ఊరైతే మంచిది, పొరపాటు జరిగినా అక్కడ భోజనం దొరుకుతుంది. రిజర్వేషన్ ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు మొదలవుతుందని, తత్కాల్ ముందురోజు ఏసీ తరగతులకు పది గంటలకు, స్లీపరుకు పదకొండు గంటలకు తెరుస్తారని, ఆర్ఏసీ అంటే కూర్చోవడానికి చోటు ఖాయమని చెప్పి పక్కకు తప్పుకోండి. చెన్నైలో మరొక జాగ్రత్త ఉంది: రైలు సెంట్రల్‌లో బయలుదేరుతుందా, ఎగ్మూరులోనా, తాంబరంలోనా అన్నది టికెట్టు మీద చూసుకోవడం పిల్లలకు తప్పనిసరిగా అలవాటు చేయాలి. ఖర్చుకు ఒక మొత్తం ఇచ్చి, మిగిలితే తన దగ్గరే ఉంచుకోమనండి. ఆ మాట అన్నాక లెక్కలు ఎంత శ్రద్ధగా రాస్తారో మీరే చూస్తారు.

ఆ తర్వాత ఒకరోజు మీరు లేకుండా స్నేహితులతో వెళ్తానంటారు. అప్పుడు రైలు నంబరు, బస చేసే చోటి చిరునామా, వెంట వచ్చేవారిలో ఒకరి ఫోను నంబరు తీసుకోండి. చేరగానే ఒక్క ఫోను చేయమనండి, గంటగంటకూ ఫొటోలు పంపమని అడగకండి. తిరిగి వచ్చిన రోజు రాత్రి భోజనం కాస్త ఆలస్యంగా పెట్టుకునేలా చూసుకోండి, ఆ పూట చెప్పవలసిన మాటలు వాళ్ల దగ్గర చాలా ఉంటాయి.