కారు కింద ఆయిల్ కారుతుంటే లీక్ ఎలా పట్టుకోవాలి

కారు కింద నల్లటి మరక చూస్తే ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ కొలిచే పుల్ల) తీసి లెవెల్ చూడండి, కింది గీత కంటే తక్కువుంటే ఆయిల్ పోయకుండా స్టార్ట్ చేయకండి. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పెట్టండి, పొద్దున గోధుమ రంగులోనో నల్లగానో జిడ్డుంటే మామూలుగా ఇంజిన్ ఆయిలే, ఎర్రగా ఉంటే గేర్‌బాక్స్‌దో పవర్ స్టీరింగ్‌దో కావచ్చు, ఉత్త నీళ్లయితే ఏసీవి, వదిలేయండి.

అసలు కష్టం లీక్ ఎక్కడో పట్టుకోవడమే. ఆయిల్ కిందికి కారుతుంది, బండి స్పీడుకి గాలితో వెనక్కి పాకుతుంది, అందుకే చుక్క పడే చోటే లీక్ ఉందనుకోవద్దు. ఇంజిన్ చల్లారాక డిగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రవం) తుడిచి, కాస్త దూరం తిప్పి, టార్చ్ వేసి అన్నిటికంటే పైన ఎక్కడ తడుందో చూడండి. చాలాసార్లు వాల్వ్ కవర్ గ్యాస్కెటే (ఇంజిన్ పైమూత కింద ఆయిల్ కారకుండా వేసే పట్టీ), ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి కాలిన వాసన కూడా వస్తుంది. బోల్టులు గట్టిగా బిగించేస్తే ఆగిపోతుందనుకోకండి, కవర్ వంగుతుంది, గ్యాస్కెట్ మార్చాల్సిందే. కొత్తది వేసినా మళ్లీ కారుతుంటే పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల పేరుకునే గ్యాస్‌ని లాగేసే వాల్వ్) చూడండి, అది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ తన్నుకొస్తుంది.

ఈ మధ్యే సర్వీస్ అయిన బండైతే ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ ముందు చూడండి, కానీ ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి ప్లీజ్. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కారితే రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ వెనక చివర ఆయిల్‌ని ఆపే సీల్) అయ్యుండొచ్చు, దానికి మామూలుగా గేర్‌బాక్స్ దించాలి, అది మెకానిక్‌కే వదిలేయండి.