మూత్రం పైపు వేసిన రోగికి ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం ఎలా

క్యాథెటర్, అంటే మూత్రం పైపు వల్ల వచ్చే ఇన్ఫెక్షన్‌ను ఎలా ఆపాలో చెప్పమంటే ఏ నర్సయినా తడుముకోకుండా చెబుతుంది. చేతులు శుభ్రం చేసుకోవాలనీ, మూత్రం చేరే సంచి మూత్రాశయం కంటే కిందే ఉండాలనీ, అవసరం తీరగానే పైపు తీసేయాలనీ చదువుకోని వాళ్లు మాలో లేరు. అయితే చెన్నైలో ఇన్నేళ్లు వార్డు డ్యూటీ చేశాక నేను గమనించినదేమిటంటే, ఆ తెలిసిన సంగతులు రోగిని స్కానింగుకు తీసుకెళ్లేటప్పుడు, సంచి ఖాళీ చేసేటప్పుడు, డ్యూటీ మారేటప్పుడు చేజారిపోతుంటాయి. అందువల్ల ఆ సందర్భాల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా, పైపు వేయాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. మూత్రం బిగబట్టుకుపోయినప్పుడు, ఐసీయూలో గంటగంటకూ మూత్రం కొలవాల్సి వచ్చినప్పుడు, కొన్ని రకాల ఆపరేషన్లలో ఇది తప్పదు. పక్క తడుపుతున్నారన్న ఒక్క కారణంతో మాత్రం వేయకూడదు. పురుషులకు పైనుంచి తొడిగే కాండమ్ క్యాథెటర్, మిగతావారికి డైపర్లు ఉన్నాయి. పైపు ఉన్న ఒక్కో రోజుకూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. పైపు గోడలకు అంటుకుని జిగురు పొరలాగా పేరుకునే ఆ సూక్ష్మజీవుల దగ్గరికి యాంటీబయాటిక్ మందు సరిగా చేరదు.

వేసేటప్పుడు స్టెరైల్ (క్రిములు లేని) గ్లవ్స్, చుట్టూ కప్పే స్టెరైల్ గుడ్డ (డ్రేప్), ఒక్కసారికే వాడే జెల్లీ ఉండాలి. మూత్రం ధారగా వెళ్లడానికి సరిపోయే అతి చిన్న సైజు చాలు. పెద్దవాళ్లకు మామూలుగా 14 లేదా 16 ఫ్రెంచ్ (పైపు లావును కొలిచే లెక్క) సైజు సరిపోతుంది. స్త్రీలకు పైపు పొరపాటున యోనిలోకి వెళ్తే దాన్నే తీసి మళ్లీ వాడకూడదు. గుర్తు కోసం అక్కడే వదిలి, కొత్త పైపు తీసుకోవాలి. మూత్రం వచ్చాకే, పైపు జారిపోకుండా లోపల పట్టి ఉంచే బెలూన్ నింపి, పైపు లాగబడకుండా తొడకు అంటించాలి.

ఇక స్కానింగు సంగతి. ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో, వార్డు బాయ్ తొందరలో యూరిన్ బ్యాగును రోగి కాళ్ల మధ్య పెట్టి ట్రాలీని లిఫ్టు వైపు తోసుకుంటూ వెళ్లాడు. బ్యాగు సగానికి పైగా నిండి ఉంది. ట్రాలీ గడప దాటి ఎగిరినప్పుడల్లా ట్యూబులోని పసుపు నీరు రోగి వైపు వెనక్కి పాకడం నేను కళ్లారా చూశాను. ట్రాలీని ఆపించి బ్యాగును కిందికి దించాను కానీ, బయలుదేరే ముందే ఖాళీ చేయించాల్సిన బాధ్యత నాదేనన్న బాధ ఇప్పటికీ ఉంది. కాబట్టి రోగిని కదిలించే ముందు బ్యాగు ఖాళీ చేయండి, ట్రాలీ పక్క కమ్మీకి మూత్రాశయం కంటే దిగువన తగిలించండి, ట్యూబు మెలిక పడలేదని చేత్తో తడిమి చూడండి. తీసుకెళ్లే మనిషికి కూడా కారణం వివరించి చెప్పండి. కారణం తెలిసినవాడు రెండోసారి మరిచిపోడు.

సంచి ఖాళీ చేయడంలో జరిగే పెద్ద తప్పు, ఒకే జగ్గుతో వరసగా అన్ని మంచాలూ తిరగడం. ఒక రోగి క్రిములను పక్క మంచానికి మోసుకెళ్లడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. ఒక్కో రోగికి ఒక్కో పాత్ర ఉండాలి, సంచి కుళాయి మూతి ఆ పాత్రకు తగలకూడదు, రోగి మారినప్పుడల్లా గ్లవ్స్ మార్చి చేతులు శుభ్రం చేసుకోవాలి. హ్యాండ్ రబ్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. మూడింట రెండు వంతులు నిండేసరికి సంచి ఖాళీ కావాలి.

రోజువారీ శుభ్రతకు సబ్బూ నీళ్లూ చాలు, యాంటిసెప్టిక్ అక్కర్లేదు. ఇన్ని రోజులకోసారి అని లెక్క పెట్టుకుని పైపు మార్చడం, కారణం లేకుండా ట్యూబును సంచి నుంచి విడదీయడం రెండూ మానాలి.

కల్చరుకు, అంటే ఏ క్రిములున్నాయో ల్యాబులో పెంచి చూసే పరీక్షకు, మూత్రాన్ని సంచిలోంచి ఎప్పుడూ తీయకూడదు. ట్యూబు మీద నమూనా తీయడానికి ఉండే శాంపిల్ పోర్టును స్పిరిట్‌తో తుడిచి, స్టెరైల్ సిరంజితో తీయాలి. పైపు వేసి రెండు వారాలు దాటితే, దాన్ని మార్చి కొత్త పైపు నుంచి తీయాలి. జ్వరం, పొత్తికడుపు నొప్పి, నడుము పక్కన నొప్పి లాంటివేవీ లేకుండా మూత్రం మసకగా ఉందనో వాసన వస్తోందనో కల్చరుకు పంపితే, అవసరం లేని యాంటీబయాటిక్‌కు దారి తీస్తుంది.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట నుంచి ఇక్కడికి వచ్చే మన వాళ్లకు తమిళంలో చెప్పే జాగ్రత్తలు సగమే అర్థమవుతాయి, పెద్దవాళ్లయితే అడగడానికి మొహమాటపడి తల ఊపుతారు. వాళ్ల దగ్గర కూర్చుని, “అమ్మా, ఈ సంచిని మంచం మీద పెట్టకండి, నేలకు ఆననివ్వకండి, నిండితే మీరు తీయకుండా నన్ను పిలవండి” అని తెలుగులో చెప్పి, వాళ్ల చేతే ఒకసారి తిరిగి చెప్పించండి.

డ్యూటీ అప్పగించేటప్పుడు పైపు వేసిన తేదీతో పాటు, ఈ రోజు అది ఎందుకు ఉండాలో కూడా చెప్పాలి. కారణం దొరకకపోతే రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును, “సార్, ఈ పైపు ఇవాళ తీసేయవచ్చా?” అని అడగండి, చిన్న నర్సయినా జంకక్కర్లేదు. తీసిన తర్వాత ఆరు గంటల లోపు రోగి మూత్రం పోశారో లేదో, ఎంత పోశారో కేసు షీటులో రాయండి. పోయకపోతే వెంటనే కొత్త పైపు వేసి ఉంచేయకుండా, ఒకసారి మూత్రం తీసి పైపు తొలగించే పద్ధతి కుదురుతుందేమో డాక్టరుతో మాట్లాడండి.