దసరా సెలవులకు ముందు: లాక్ ఫైళ్ల ఆటోమేషన్‌లో తీసుకోవలసిన జాగ్రత్తలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌ల నుంచి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపే చిన్న బృందాల్లో చాలామంది బతుకమ్మ మొదలయ్యేసరికి ఊళ్లకు వెళ్లిపోతారు. మార్కెట్ యార్డు ధరలు చూపే యాప్ వంటి ప్రాజెక్టుకు అసలైన సీజన్ కూడా అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే వానాకాలం పత్తి, వరి ఆ తర్వాతి వారాల్లోనే యార్డులకు చేరతాయి. ఓపెన్ సోర్స్‌కు తోడ్పడమని ప్రోత్సహిస్తూ అక్టోబరు నెలలో జరిగే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ వల్ల కొత్తవారి పుల్ రిక్వెస్టులు (తమ మార్పులను ప్రాజెక్టులో కలపమనే అభ్యర్థనలు) సైతం అదే సమయానికి వచ్చిపడతాయి. కనిపెట్టుకుని ఉండే మనిషి లేని ఆ వారం పది రోజులు ప్రాజెక్టు వాడే ప్యాకేజీల (ఇతరులు రాసిన సిద్ధమైన కోడ్) కచ్చితమైన వెర్షన్లను నమోదు చేసే లాక్ ఫైళ్ల పనిని ఆటోమేషన్‌కు అప్పగించడం సబబే. అయితే దానికి ఏయే హక్కులు ఇచ్చి వెళుతున్నామో బయలుదేరే ముందే సరిచూసుకోవాలి.

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు అవసరాల జాబితా అయిన ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలులో మనం రాసేది ఫలానా ప్యాకేజీ 4.1 నుంచి 5 లోపు ఏదైనా చాలునన్న కోరిక మాత్రమే. నిజంగా ఏ వెర్షన్ దిగింది, ఏ చిరునామా నుంచి దిగింది, దాని హ్యాష్ (ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టే గుర్తు) ఎంత అన్నవి లాక్ ఫైలులో ఉంటాయి. యార్డులో కాంటా అయ్యాక రాసిచ్చే తక్‌పట్టీ లాంటిది అది. దానిలో ఎవరి చేతిరాతా పడకూడదు. అందుకే రెండు బ్రాంచీల (ఒకే కోడ్‌కు విడివిడిగా నడిచే శాఖల) లాక్ ఫైళ్లు ఢీకొన్నప్పుడు ఎడిటర్‌లో కూర్చుని వరుసలు కలపడం మానుకొని, మెయిన్ బ్రాంచిలోని ఫైలును తీసుకొని దానిపై కొత్తగా జనరేట్ చేయించాలి.

జనరేట్ చేసే చోటు ఒక్కటే ఉండాలి, అక్కడి టూల్ వెర్షన్ కూడా స్థిరంగా ఉండాలి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను దింపే టూల్ ఎన్‌పీఎం 6వ వెర్షన్ రాసే లాక్ ఫైలు ఫార్మాటు 1, ఎన్‌పీఎం 7 రాసేది 2, ఎన్‌పీఎం 9 రాసేది 3 కాబట్టి, పాత లాప్‌టాప్ ఉన్న ఒక విద్యార్థి మామూలుగా ఇన్‌స్టాల్ కమాండు నడిపినా వేల వరుసలు మారిపోయి, అసలు మార్పు ఆ గుంపులో కనబడకుండా పోతుంది. పైథాన్ ప్రాజెక్టుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ తేడా కూడా తోడవుతుంది. క్లిక్ అనే ప్యాకేజీకి కలరామా అనే మరో ప్యాకేజీ విండోస్‌లో మాత్రమే అవసరం. అందువల్ల వెర్షన్ల జాబితా తయారుచేసే పిప్-కంపైల్ టూల్‌ను విండోస్‌లో నడిపితే, పైథాన్‌లో లాక్ ఫైలుగా పనికొచ్చే రిక్వైర్‌మెంట్స్ ఫైలులో కలరామా వరుస చేరుతుంది, లైనక్స్‌లో నడిపితే పోతుంది. ఇద్దరు వేర్వేరు యంత్రాల నుంచి కమిట్లు (మార్పుల నమోదులు) పెడితే ఆ ఒక్క వరుస వారమంతా వస్తూ పోతూ ఉంటుంది. ఇక పరీక్షలు నడిచే చోట ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌కు బదులు ఎన్‌పీఎం సీఐ వాడాలి. మొదటిది తేడా కనిపిస్తే లాక్ ఫైలును చడీచప్పుడు లేకుండా మార్చుకుని ముందుకు పోతుంది, రెండోది తప్పు చూపించి ఆగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అవసరమైనది హక్కుల విషయంలో. ఎవరో పంపిన పుల్ రిక్వెస్టులో లాక్ ఫైలు పాతబడితే మన వర్క్‌ఫ్లోయే (గిట్‌హబ్‌లో తనంతట తానే నడిచే పనుల వరుస) దాన్ని తిరిగి జనరేట్ చేసి అక్కడే కమిట్ చేస్తే బాగుంటుందని మెయింటైనర్లకు (ప్రాజెక్టు చూసుకునేవారికి) అనిపించడం సహజం. ఫోర్కు (ఇతరులు తమ ఖాతాలో పెట్టుకున్న మన ప్రాజెక్టు నకలు) నుంచి వచ్చిన పుల్ రిక్వెస్టుకు గిట్‌హబ్ మామూలుగా చదివే హక్కు మాత్రమే ఇస్తుంది, రహస్యాలు (ప్రవేశానికి తాళంచెవుల్లాంటి టోకెన్ల వంటివి) అందనివ్వదు. ఈ అడ్డు దాటడానికి కొందరు పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అనే ట్రిగ్గర్ పెట్టి, అందులోనే ఆ పరాయి బ్రాంచిని చెకౌట్ చేసి (దింపుకుని) ఇన్‌స్టాల్ నడుపుతారు. ఆ ట్రిగ్గర్ మన రిపాజిటరీ (కోడ్ నిల్వ ఉండే చోటు) రహస్యాలతో, రాసే హక్కుతో నడుస్తుంది. ఇన్‌స్టాల్ సమయంలో ప్యాకేజీల పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు వాటంతటవే నడుస్తాయి. ఈ రెండూ ఒకచోట కలిస్తే మనకు ముఖపరిచయం కూడా లేని వ్యక్తి ఒక్క వరుస మార్చి మన టోకెన్లను తీసుకుపోగలడు. పరాయి కోడ్ నడిచే జాబ్‌కు రాసే హక్కు ఉండకూడదు, రాసే హక్కున్న జాబ్‌లో పరాయి కోడ్ నడవకూడదు. ఇద్దరు ముగ్గురే ఉన్న బృందానికి నా సలహా ఏమిటంటే, పుల్ రిక్వెస్టుల మీద సరిచూడటం వరకే ఆటోమేషన్‌ను పరిమితం చేయండి; జనరేట్ చేసే పనిని మెయిన్ బ్రాంచి మీద, స్క్రిప్టులను నడవనివ్వని ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ఆప్షన్ పెట్టి, విడిగా నడిచే జాబ్‌కు ఇవ్వండి. అది కూడా నేరుగా మెయిన్‌లోకి రాయకుండా పుల్ రిక్వెస్టు తెరిచి ఆగాలి.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. వర్క్‌ఫ్లోకు సహజంగా అందే గిట్‌హబ్ టోకెన్‌తో చేసిన కమిట్, వర్క్‌ఫ్లోలు ఒకదాన్నొకటి అంతులేకుండా నడుపుకోకుండా ఉండటానికి, మరో వర్క్‌ఫ్లోను మొదలుపెట్టదు. దానితో పరీక్షలు నడవక పుల్ రిక్వెస్టు అలాగే నిలిచిపోతుంది. దీన్ని దాటడానికి తన ఖాతాలోని అన్ని రిపాజిటరీలకూ చెల్లే వ్యక్తిగత టోకెన్ పెట్టి ఊరికి వెళ్లడం చాలా ప్రమాదం. ఆ ఒక్క రిపాజిటరీకే పరిమితమైన గిట్‌హబ్ యాప్ టోకెన్ వాడండి, లేదా తిరిగి వచ్చాక ఆ పుల్ రిక్వెస్టును మూసి తెరవండి, పరీక్షలు నడుస్తాయి.

ప్యాకేజీల కొత్త వెర్షన్ల కోసం పుల్ రిక్వెస్టులు తెరిచే డిపెండబాట్, రెనోవేట్ వంటి టూల్స్ ఉంటే సెలవుల్లో ఆటోమెర్జ్ (మనిషి చూడకుండానే మార్పు కలిసిపోవడం) ఆపివేయాలి. 2021 అక్టోబరు 22న యూఏ-పార్సర్-జేఎస్‌లో, 2025 సెప్టెంబరు 8న చాక్, డీబగ్ ప్యాకేజీలలో హానికర వెర్షన్లు చేరాయి. రెండో సందర్భంలో నకిలీ మెయిల్‌తో మెయింటైనర్ ఖాతానే లాక్కున్నారు. రెండుసార్లూ కొన్ని గంటల్లోనే విషయం బయటపడింది కాబట్టి, విడుదలైన వెర్షన్‌ను కొన్ని రోజులు ఆగి తీసుకున్నవారికి హాని జరగలేదు. రెనోవేట్‌లో మినిమమ్ రిలీజ్ ఏజ్, డిపెండబాట్‌లో కూల్‌డౌన్ ఈ పనికే ఉన్నాయి, భద్రతా అప్‌డేట్లకు డిపెండబాట్ ఆ గడువు వర్తింపజేయదు. వర్క్‌ఫ్లోలో వాడే యాక్షన్లను (ఇతరులు రాసిన సిద్ధమైన అంచెలను) కూడా వెర్షన్ పేరైన ట్యాగ్‌తో కాకుండా పూర్తి 40 అక్షరాల కమిట్ హ్యాష్‌తో రాయాలి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ అనే యాక్షన్ల విషయంలో పాత ట్యాగ్‌లనే హానికర కమిట్ వైపు తిప్పారు.

లాక్ ఫైలు తేడాను గిట్‌హబ్ మడిచి చూపిస్తుంది గనుక దాన్ని తెరవకుండానే ఆమోదించే అలవాటు చాలామందికి ఉంది. తెరవండి, రిజాల్వ్‌డ్ అని ఉన్న వరుసలు చూడండి. అధికారిక ఎన్‌పీఎం రిజిస్ట్రీ చిరునామా ఉండవలసిన చోట ఎవరి సొంత రిపాజిటరీయో కనిపిస్తే, హ్యాష్ సరిపోయినా ఒప్పుకోకండి, ఎందుకంటే చిరునామా మార్చినవారే హ్యాష్ కూడా మార్చగలరు.

గిట్‌హబ్ వర్క్‌ఫ్లోకు పెట్టే షెడ్యూలు మామూలుగా యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక) నడుస్తుంది. ఉదయం 9:10కి కావాలంటే 3:40 సమయాన్ని ఇవ్వాలి. గంట మొదట్లో రద్దీ వల్ల ఆలస్యమవుతుంది కాబట్టి ఇలాంటి నిమిషాన్నే ఎంచుకోవడం మేలు. 60 రోజులు ఏ కదలికా లేని పబ్లిక్ రిపాజిటరీలో షెడ్యూలు తనంతట తానే ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

బయలుదేరే ముందు, వర్క్‌ఫ్లోను ఆపే హక్కు ఉన్న ఇద్దరినైనా నిర్ణయించి, ఊళ్లో సిగ్నల్ బలహీనంగా ఉన్నా ఫోన్ నుంచే ఆ పని చేయగలరో లేదో వారిచేత ఒకసారి చేయించి చూడండి. అనుమానం వస్తే మొదట వర్క్‌ఫ్లోను ఆపాలి, తరువాత టోకెన్లను రద్దు చేయాలి, ఆ పిమ్మటే లాక్ ఫైలు కమిట్‌ను వెనక్కి తిప్పాలి. ఆ ప్యాకేజీలను దింపుకున్న లాప్‌టాప్ నుంచి మాత్రం కొత్త టోకెన్లు తయారు చేయవద్దు.