డస్టీ మిల్లర్‌కు ముసురే గండం

హన్మకొండలో మా మేడ మీదికి ఎవరొచ్చినా ముందు ముట్టుకునేది డస్టీ మిల్లర్ అనే కుండీ మొక్క ఆకునే. విభూతి పూసినట్టు ఉంటుంది. అది రంగు కాదు, నూగు. బొటనవేలితో గట్టిగా రుద్దితే నూగు లేచిపోయి కింద మామూలు పచ్చాకు కనిపిస్తుంది. దీని పుట్టిల్లు మధ్యధరా సముద్రపు ఒడ్డు. అక్కడి ఎండకు, ఉప్పుగాలికి ఆకులో తడి ఆరిపోకుండా కాపాడేది ఆ నూగే.

మనకు సముద్రం లేదని దిగులొద్దు. దీనికి ఉప్పు అక్కర్లేదు, నీళ్లు నిలవని నేల కావాలి. రేగడి మన్ను వద్దే వద్దు. రెండు పాళ్లు చెలక ఎర్రమన్నుకు ఒక పాలు దొడ్డు ఇసుక, రెండు పిడికిళ్ల వర్మీకంపోస్టు చాలు. ఎరువు ఎక్కువైతే కొమ్మలు సాగి, ఆకు తెలుపు తగ్గుతుంది. 10 అంగుళాల మట్టి కుండీ తీసుకుని, అడుగు చిల్లు మీద పెంకు ముక్క బోర్లించండి. బతుకమ్మ పండుగ వెళ్లాక నాటితే చలికాలమంతా బాగా గుబురు కడుతుంది.

నా మొదటి రెండు మొక్కలూ జులై ముసురులో పోయాయి. ఆకులు వేలాడుతుంటే దాహమనుకుని ఇంకో చెంబు నీళ్లు పోశాను. మర్నాడు చూస్తే పై ఆకులు తెల్లగానే ఉన్నాయి, మొదలు మాత్రం నల్లగా మెత్తబడింది. పట్టుకుంటే చాలు, మొక్క చేతిలోకి వచ్చేసింది. వేళ్లు కుళ్లు వాసన కొట్టాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను. అప్పటినుంచి మృగశిర కార్తె రాగానే కుండీలను సజ్జ కిందికి జరుపుతాను. గాలి ఆడాలి, వాన పడకూడదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే మొక్క మొదలు దగ్గర నీళ్లు పోస్తాను, ఆకుల మీద చల్లను.

రోహిణి కార్తె ఎండకు మాత్రం మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ ఇవ్వండి. రెండో ఏడు పసుపు పూల మొగ్గలొస్తాయి. నాకు ఆకే ముద్దు కాబట్టి తుంచేస్తాను.

డిసెంబరులో మొగ్గలేని 4 అంగుళాల కొమ్మలు నాలుగు కోసి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. వానాకాలంలో తల్లి మొక్క పోయినా పిల్లలుంటాయి. కత్తిరించిన కొమ్మలను మేకలకు, బర్లకు అందే చోట పడేయకండి, ఈ ఆకు వాటికి విషం.