చాప మీద అరగంట – 5: టెన్షన్ అనే మాటకు వారం సెలవు

పోయిన యోగా పాఠంలో శవాసనంలో పడుకుని, కాలి వేళ్ళ నుంచి నడినెత్తి దాకా ఒంటిని చూసుకుంటూ రమ్మన్నాను. ఏమైందో మీరంతా రాశారు. ఈసారి కాళ్ళు పైకెత్తి ఉంచే విపరీతకరణి చెబుదామనుకున్నాను కానీ, అవన్నీ చదివాక అది పక్కన పెట్టక తప్పలేదు.

సగం మంది నిద్రపోయారట. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పొద్దున ఆరింటికి వెల్లకిలా పడుకుంటే నిద్ర రాక ఏమొస్తుంది? అలాంటివాళ్ళు ముందు హాయిగా నిద్రపోండి, పాఠం ఎక్కడికీ పోదు. మెలకువగా ఉండి తీరాలంటే మోచేయి నేలకు ఆనించి ముంజేతిని నిటారుగా నిలబెట్టండి. కునుకు పట్టగానే చెయ్యి వాలి, మీకే తెలుస్తుంది.

మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగే బాలాసనంలో నుదురు చాపకు తగలగానే ఏడుపొచ్చిందని ఒకావిడ రాశారు. అత్తగారు చూసి "ఏమైందమ్మా" అంటే చెప్పడానికి ఏ కారణమూ దొరకలేదట. కారణం వెతక్కండి. వచ్చింది, పోతుంది. అత్తగారికి జలుబని చెప్పండి.

మూడో ఫిర్యాదు విషయంలో మాత్రం తప్పు నాదే. శ్వాసను చూస్తుంటే ఊపిరాడనట్టయిందని కొందరు అన్నారు. చూడటం మొదలుపెట్టగానే మన చెయ్యి ఊరుకోదు, దాన్ని సరిదిద్దబోతాం. మెట్లు దిగుతూ ఏ కాలు ఎక్కడ పడుతోందా అని ఆలోచిస్తే తడబడినట్టే ఇదీను. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. గాబరా పడే స్వభావం ఉన్నవాళ్ళకు శ్వాస వైపు చూడటమే ఇంకో గాబరా. మీరు ఊపిరి జోలికి వెళ్ళకండి. మడమలు నేలకు ఆనిన చోటు చూడండి, లేదా అరచేతులు. కళ్ళు మూసుకోవాలనే నియమం కూడా లేదు. నేనైతే అమీర్‌పేటలో మెట్రో మారాక రాయదుర్గం దాకా కళ్ళు తెరుచుకునే, నిలబడే చేస్తాను. దుర్గం చెరువు స్టేషన్ వచ్చేసరికి పాదాల్లో బరువు ఎటు మొగ్గుతోందో తెలిసిపోతుంది.

ఇక అసలు గొడవ. ఎక్కడ ఏమనిపించిందో రాయమంటే మీలో ఎక్కువమంది రాసినవి రెండే మాటలు: "బాగుంది", "టెన్షన్‌గా ఉంది".

ఈఎంఐ కట్టాలంటే టెన్షన్. పిల్లాడి ఎప్‌సెట్ (పాత ఎంసెట్) టెన్షన్. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర టెన్షన్. పనమ్మాయి రాకపోయినా టెన్షనే. ఒళ్ళు వీటన్నిటికీ ఒకేలా స్పందించదు. మనమే అన్నిటికీ ఒకే చీటీ అంటించి ఊరుకుంటున్నాం. తెలుగులో మాటల్లేకనా? గుండె దడదడలాడటం వేరు, గుండె జారడం వేరు, గుండె బరువెక్కడం వేరు. గొంతు పూడుకుపోతుంది. నోరు పిడచకట్టుకుపోతుంది. కడుపులో దేవినట్టుంటుంది. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, ఒళ్ళు మండుతుంది, కాళ్ళు చల్లబడతాయి. కోపాన్ని మన పెద్దవాళ్ళు ఒంటిమంట అన్నారు, అసూయను కడుపుమంట అన్నారు. ఎక్కడ మండుతోందో గమనించే అన్నారనుకుంటాను. "బాగుంది" అయితే టెన్షన్ కంటే అన్యాయం. అది టిఫిన్ గురించి చెప్పే మాట.

చిక్కడపల్లిలో మా మేడ మీద క్లాసుకు వచ్చే ఒక పెద్దావిడను అడిగితే, "భుజాల నడిమిట్ల తడిబట్ట పిండినట్టు ఉందమ్మా, జర ఎడమకు" అన్నారు. చోటు చెప్పారు, తీరు చెప్పారు, ఏ వైపో కూడా చెప్పారు. నాకు కావలసింది ఇదే. (ఛాతీ మీద రాయి పెట్టినట్టు బరువుగా ఉండి, చెమటలు పడుతూ, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే మాత్రం గమనిస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.)

ఇది నా చాదస్తం మాత్రమే కాదు. మెదడు కింది నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నరంలో దాదాపు 80 శాతం పోగులు ఒంటి నుంచి మెదడుకే కబురు మోస్తాయి. గుండె, పొట్ట, ఊపిరితిత్తులు పంపే ఆ కబుర్లు మెదడులో ఇన్సులా అనే భాగానికి చేరతాయి. ఉద్వేగాలు కలిగినప్పుడు పనిచేసే భాగాల్లో అదీ ఒకటి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేళ్ళకు తెలుస్తుంది. అందుకే నేను వదిలే ఊపిరినే పొడవుగా ఉంచమంటాను. ఊపిరి బిగబట్టే కుంభకం ఇప్పుడే వద్దు.

ఇంకో తరహా మనుషులుంటారు. తుంటి పట్టేస్తే పాత దుఃఖమట, భుజం పట్టేస్తే బాధ్యతలట. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చున్న తుంటి పట్టేయక ఏం చేస్తుంది? ముందు చోటు, తర్వాత తీరు. అర్థం దానంతటది వస్తే రానివ్వండి, రాకపోతే మానె.

ఈ వారం ఆసనాలు మూడే: మార్జాలాసనం (పిల్లిలా వీపు వంచడం), భుజంగాసనం (పాములా ఛాతీ ఎత్తడం), బాలాసనం. ఎలా చేయాలో రెండో పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను. భుజంగాసనంలో బొడ్డు నేల మీదే ఉండాలి. అంతకంటే పైకి లేవడం ఫొటోకు బాగుంటుంది, నడుముకు కాదు. ఆసనం గురించి యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన సూత్రాలు మూడే. అందులో ఒకటి ప్రయత్నాన్ని సడలించమంటుంది. నడుము వంచుతూ పళ్ళు కొరుకుతున్నారేమో చూసుకోండి, మీలో చాలామంది కొరుకుతారు.

అభ్యాసం కష్టంగానే ఉంటుంది. ఏడు రోజులు, రోజుకు మూడుసార్లు ఒక్కో వాక్యం చేత్తో రాయాలి, ఫోన్లో కాదు. ఒకటి ఆసనాలకు ముందు, ఒకటి తర్వాత, మూడోది పగలు ఎవరి మీదైనా చిరాకొచ్చిన క్షణంలో. మేనేజరు ఫోను, ఆటో బేరం, ఏదైనా సరే. వాక్యంలో చోటు, తీరు ఉండాలి. టెన్షన్, బాగుంది, స్ట్రెస్, రిలాక్స్ అనే నాలుగు మాటలూ ఉండకూడదు. కోపం, భయం, దిగులు లాంటివి కూడా నాలుగో రోజు నుంచే, అదీ వాక్యం చివరే రాయాలి. ఏమీ తెలియని రోజు "ఏమీ తెలియలేదు" అని రాయండి, లెక్కలోకి వస్తుంది.

మొత్తం ఇరవై ఒక్క వాక్యాలు. ఆరో పాఠం మొదలయ్యేది వాటితోనే. విపరీతకరణి అప్పుడు చూద్దాం. గ్లాకోమా (కంట్లో నీటికాసుల జబ్బు) ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు ఈలోగా డాక్టరును అడిగి ఉంచండి.