రెండు వేల లోపు ఇయర్‌బడ్స్: రిప్లేస్‌మెంట్ గడువులోనే తేల్చుకోవాల్సినవి

రెండు వేల రూపాయల లోపు వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొనేటప్పుడు డబ్బా మీద అంకెలు చూసి నిర్ణయించుకోవడం కష్టం. 13 ఎంఎం డ్రైవర్ (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్) ఉన్నంత మాత్రాన 10 ఎంఎం కంటే పాట బాగా వినిపించదు. బ్లూటూత్ 5.0 స్థానంలో 5.3 ఉన్నంత మాత్రాన కాల్ బాగుపడదు. అసలు సంగతి చెవిలో పెట్టుకున్నాకే తెలుస్తుంది, తెలుసుకోవడానికి ఉండే సమయం తక్కువ. ఆన్‌లైన్‌లో ఇలాంటి సరుకుకి చాలాచోట్ల ఏడు రోజుల రిప్లేస్‌మెంట్ మాత్రమే ఉంటుంది, డబ్బు వెనక్కి రాదు. ఆర్డర్ పెట్టే ముందే ఆ లైన్ చదవండి. పార్సిల్ విప్పేటప్పుడు సీల్ కనబడేలా ఒకే వీడియోగా తీసి ఉంచుకోండి.

డబ్బా మీద చదవాల్సినవి

‘40 గంటల ప్లేటైమ్’ అంటే బడ్స్ ఒక్క ఛార్జికి ఇచ్చే గంటలూ, కేస్ వాటిని మళ్లీ మళ్లీ నింపితే వచ్చే గంటలూ కలిపిన లెక్క. కింద చిన్న అక్షరాల్లో 50 లేదా 60 శాతం వాల్యూమ్ అనో, ఏఎన్‌సీ (బయటి రొద తగ్గించే ఏర్పాటు) ఆఫ్ అనో ఉంటుంది. ఒక్కో బడ్‌లో 40 ఎంఏహెచ్, కేస్‌లో 400 ఎంఏహెచ్ బ్యాటరీ ఉందనుకోండి. జతకి 80 కాబట్టి కాగితం మీద ఐదుసార్లు నిండాలి. కేస్ తన బ్యాటరీ వోల్టేజీ పెంచి బడ్స్‌కి పంపేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది, అందుకని మూడున్నర, నాలుగుసార్లు నిండితే సరిగ్గా ఉన్నట్టే. మీకు కావాల్సిన అంకె ఆ 40 కాదు, ‘ఒక్క ఛార్జికి ఎన్ని గంటలు’ అన్నది.

ఎక్కువమంది పొరబడేది ఈఎన్‌సీ, ఏఎన్‌సీ దగ్గర. ఏఎన్‌సీ మీ చెవిలోకొచ్చే బయటి రొదను తగ్గిస్తుంది. ఈఎన్‌సీ పని మైకు వైపు, అవతలి మనిషికి మీ చుట్టూ ఉన్న గోల వినబడకుండా చూస్తుంది. ‘క్వాడ్ మైక్ ఈఎన్‌సీ’ అని పెద్దక్షరాల్లో ఉన్న జత పెట్టుకుని బస్సెక్కితే ఇంజన్ రొద అలాగే వినిపిస్తుంది, అందులో మోసమేమీ లేదు. ఏఎన్‌సీ ఉన్నవాటిలోనూ 30 డెసిబెల్స్ లాంటి అంకె అది బాగా పనిచేసే ఒక చిన్న ఫ్రీక్వెన్సీ పట్టీ దగ్గర వచ్చిందే. ఫ్యాను, ఏసీ, ఇంజన్ లాంటి బొంగురు మోత తగ్గుతుంది కానీ, మాటలూ కుక్కర్ విజిల్సూ పెద్దగా తగ్గవు.

కోడెక్, అంటే బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి, గురించి ఒక్క మాట చాలు: ఎస్‌బీసీ అన్నిటిలో ఉంటుంది, ఐఫోన్ వాడేవాళ్లు ఏఏసీ ఉందో లేదో చూసుకోండి. ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ అనే కోడెక్ ఉండదు కాబట్టి దానికోసం ఎక్కువ పెట్టొద్దు.

ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచీ పడే తుంపర్లను తట్టుకుంటుందని. ఎక్స్ అంటే దుమ్ము పరీక్షకు రేటింగ్ ఇవ్వలేదని. ఈ రేటింగ్ సాధారణంగా బడ్స్‌కే, కేస్‌కి కాదు. చెమటతో తడిసిన బడ్‌ని తుడవకుండా కేస్‌లో పెడితే ఉప్పు ఛార్జింగ్ పిన్నులను తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి ఉన్న ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

తయారైన లేదా దిగుమతైన నెల, సంవత్సరం కూడా చూడండి. ఏడాదిన్నరగా గోడౌన్‌లో పడున్న లిథియం బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి నీరసించి ఉండొచ్చు. బీఐఎస్ గుర్తు పక్కన ‘ఆర్’ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలున్న రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో వస్తుంది. రోడ్డు పక్క మూడొందలకి దొరికే పెద్ద బ్రాండు నకళ్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

ముందు చెవికి కుదరాలి

మిగతా పరీక్షలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. సిలికాన్ టిప్ చెవి దారిని సరిగ్గా మూయకపోతే బేస్ బయటికి కారిపోతుంది, ఏఎన్‌సీ పనిచేయదు, మీరు వాల్యూమ్ పెంచుతారు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. చివరికి ‘సౌండ్ బాలేదు’ అని రివ్యూ రాస్తారు.

డబ్బాలో సాధారణంగా మూడు సైజులుంటాయి, మధ్యది తొడిగి వస్తుంది. బడ్‌ని లోపలికి పెట్టి కొద్దిగా వెనక్కి తిప్పండి. బేస్ ఉన్న పాట పెట్టి, బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే సీల్ కుదరలేదన్నమాట, ఒక సైజు పెద్దది వేయండి. రెండు చెవులకీ వేర్వేరు సైజులు పట్టడం మామూలే. తర్వాత తల ఊపండి, మెట్లు దిగండి, ఏదైనా నమలండి. నమిలేటప్పుడు దవడ కదిలి జారేవి చాలా ఉంటాయి. గంటసేపు పెట్టుకున్నాక చెవి లోపలి అంచు నొప్పెడితే అలవాటవుతుందిలే అనుకోవద్దు, ఆ ఆకారం మీ చెవిది కాదు. టిప్ లేని సగం బయటుండే రకం నొప్పి పెట్టదు, సొంత గొంతు డబ్బాలో మాట్లాడినట్టు మోగదు. కానీ బస్సులో, మెట్రోలో బయటి రొద మొత్తం లోపలికొస్తుంది.

కాల్ పరీక్ష

రోజువారీ వాడకంలో బడ్జెట్ బడ్స్ ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మీ చెవికి తెలియదు కాబట్టి అవతలివాళ్లు చెప్పేదాకా బయటపడదు.

కాల్ మొదలవగానే బ్లూటూత్ పాటల దారి వదిలి కాల్ దారిలోకి మారుతుంది. పాటలప్పుడు సెకనుకి 44,100 శాంపిళ్లుంటే, కాల్‌లో 16,000, పాత పద్ధతిలో అయితే 8,000 మాత్రమే. అందుకే కాల్‌లో అవతలి గొంతు పలచగా అనిపించడం బడ్స్ లోపం కాదు. లాప్‌టాప్‌లో మీటింగ్‌కి చేరగానే వెనక పాట రేడియోలా మారిపోవడానికీ కారణం ఇదే. మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో మైకుగా లాప్‌టాప్ మైకు ఎంచుకుంటే వినబడేది మళ్లీ బాగవుతుంది.

మైకుని పరీక్షించడానికి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కాల్ చేయండి. వాళ్లని తలుపేసిన వేరే గదిలో స్పీకర్ ఆన్ చేసి, మరో ఫోన్‌తో రికార్డు చేయమనండి. అరనిమిషం చొప్పున నాలుగుసార్లు మాట్లాడండి: నిశ్శబ్దంగా ఉన్న గదిలో, సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో, ఆటోలు తిరిగే రోడ్డు పక్కన, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా. చదవడానికి అంకెలు తీసుకోండి: ఇరవై, అరవై, డెబ్బై, తొంభై. తర్వాత ‘వస్తాడు, వస్తాడా, వస్తాను, వస్తానా’ లాంటి మాటలు. రొదను కోసేయబోయి మాట చివరి అచ్చును కూడా కోసేయడం చవక ఈఎన్‌సీకి ఉన్న జబ్బు. తెలుగులో చెప్పడానికీ అడగడానికీ తేడా ఆ చివరి అక్షరంలోనే ఉంటుంది. రికార్డింగ్‌లో ఇరవైకీ అరవైకీ తేడా తెలియకపోతే ఆఫీసు కాల్స్‌కి ఆ జత పనికిరాదు.

ఆ తర్వాత ఎడమది కేస్‌లో పెట్టి కుడిదానితో, కుడిది పెట్టి ఎడమదానితో ఒక్కో కాల్ చేయండి. ఒకవైపు మైకు మాత్రమే బలహీనంగా ఉన్న జతలు వస్తుంటాయి. కొనేముందు ఆకారం చూసి కూడా కొంత ఊహించవచ్చు: కాడ ఉన్నవాటిలో మైకు నోటికి దగ్గరగా దిగుతుంది, గుండ్రటివాటిలో చెవి దగ్గరే ఉండిపోతుంది. బండి మీద గాలికి మాత్రం ఏ ఈఎన్‌సీ నిలవదు. బండి నడుపుతూ పెట్టుకోవడం ఎలాగూ మంచిది కాదు.

పాట, మాట

ముందు ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆఫ్‌లో ఉందో, ఎడమ కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో చూడండి. ఫోన్ తప్పుకి బడ్స్‌ని తిట్టే కేసులు తక్కువేమీ కాదు. తర్వాత మీకు కంఠతా వచ్చిన పాటలే పెట్టండి. డప్పు మోతలో గాయకుడి గొంతు మునిగిపోతోందా? వీణ తీగ మీటినప్పుడు ఆ మీటిన మొదటి క్షణం స్పష్టంగా వినిపిస్తోందా? వార్తలో, ప్రవచనమో పెట్టి శ, ష, స దగ్గర చెవిలో గుచ్చుతోందేమో చూడండి. ఈ ధరలో బేస్ బాగా పెంచి ట్యూన్ చేయడం రివాజు. షాపులో రెండు నిమిషాలు వింటే అదే బాగుందనిపిస్తుంది, గంటసేపు మాటలు వినేవాళ్లకి తలనొప్పి. కంపెనీ యాప్‌లో ఈక్వలైజర్ ఉంటే కొంత సరిచేసుకోవచ్చు, కాబట్టి యాప్ ఉన్న మోడల్‌కి నూటయాభై ఎక్కువైనా ఫర్వాలేదు. ‘యాభై గంటలు వాడితే సౌండ్ తెరుచుకుంటుంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆలోపు రిప్లేస్‌మెంట్ గడువు దాటిపోతుంది.

వాల్యూమ్‌ని అతి తక్కువ మెట్టుకి దించి రాత్రిపూట వినండి. ఆ మెట్టు కూడా గట్టిగా ఉంటే పడుకునే ముందు వినేవాళ్లకి ఇబ్బంది. వినికిడి సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలకి 75 డెసిబెల్స్ దగ్గర అంతే సమయం హద్దుగా పెట్టింది.

కనెక్షన్, ఆలస్యం

మన ఒంట్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పీల్చేస్తుంది. ఫోన్ ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని ఆరుబయట నడవండి, మొదట కుడివైపు జేబులో, తర్వాత ఎడమవైపు జేబులో. ఇంట్లో గోడల మీద తగిలి తరంగం తిరిగొస్తుంది కాబట్టి అక్కడ తెగని పాట మైదానంలో తెగుతుంది. సాయంత్రంవేళ అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫాం లాంటి చోట, వందల బ్లూటూత్‌ల మధ్య, పది నిమిషాలు తెగకుండా వస్తే ఇక దిగులు లేదు.

ఫోన్‌లోని శబ్దం చెవికి చేరడంలో ఆలస్యం యూట్యూబ్‌లో బయటపడదు, యాప్ బొమ్మను వెనక్కి జరిపి పెదవులకి మాట సరిపెడుతుంది. పియానో యాప్ తెరిచి మీట నొక్కితే తెలుస్తుంది. గేమ్ మోడ్ ఆ ఆలస్యాన్ని తగ్గిస్తుంది, బదులుగా పాట మధ్యలో తెగడం పెరుగుతుంది. గేములాడనివాళ్లు ఆఫ్‌లో ఉంచడమే మేలు.

బ్యాటరీ, కేస్

రెండు బడ్స్ నిండాక 60 శాతం వాల్యూమ్‌లో ఆగకుండా పాడించి, ముందు ఏది ఆగిందో, రెండోది ఎంతసేపటికి ఆగిందో రాసుకోండి. కొద్ది నిమిషాల తేడా సహజం. అరగంట దాటితే ఒక సెల్ బలహీనంగా ఉన్నట్టే, మార్చమని అడగండి. కేస్ మూత వేసిన కొన్ని సెకన్లలో ఫోన్‌లో కనెక్షన్ పోవాలి. పోకపోతే బడ్ పిన్నులకి తగలడం లేదు, తెల్లారేసరికి అది ఖాళీ అవుతుంది.

టైప్-సీ నుంచి టైప్-సీ కేబుల్‌తో కూడా ఒకసారి ఛార్జి పెట్టి చూడండి. కొన్ని చవక కేసుల్లో 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు రెండూ వేయరు. అవి లేకపోతే అవతలి ఛార్జర్‌కి ఇక్కడ ఒక పరికరం ఉందనే తెలియదు, కరెంటు పంపదు. పాత యూఎస్‌బీ-ఏ కేబుల్‌తో మాత్రం ఎక్కుతుంది.

కొన్ని నెలల తర్వాత ఒకవైపు శబ్దం తగ్గితే ముందు జాలీ చూడండి, చాలాసార్లు గులిమి అడ్డుపడి ఉంటుంది. బడ్‌ని బోర్లా పట్టుకుని పొడి మెత్తని టూత్‌బ్రష్‌తో దులపండి, పిన్నుతో పొడవొద్దు. ఒక బడ్ అసలు కలవకపోతే పిన్నులు పొడి దూదితో తుడిచి, ఫోన్‌లో పాత జతను ‘ఫర్గెట్’ చేసి, మాన్యువల్‌లో చెప్పిన ప్రకారం రీసెట్ చేసి మళ్లీ జత చేయండి. అప్పటికీ రాకపోతే వారంటీయే దారి. దానికి తేదీ ఉన్న బిల్లు కావాలి, ఐపీఎక్స్ రేటింగ్ ఉన్నా నీళ్లవల్ల పాడైనవాటిని చాలా కంపెనీలు ఒప్పుకోవు. అమ్మినవాళ్లూ కంపెనీ వాళ్లూ ఒకరి మీద ఒకరు తోసుకుంటుంటే బిల్లు, విప్పిన వీడియో, కంప్లైంటు నంబరు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు.